రచయిత మాట్లాడకూడదు

ఆ బుధవారం ఉదయం రచనా తరగతి మేడం వేసుకున్న ప్రణాళిక చిన్నది. గంట కొట్టగానే క్లాసు మొదలవ్వాలి, మళ్లీ గంట కొట్టగానే ముగియాలి, ఈ మధ్యలో ఎవరూ నవ్వకూడదు.

మొదటి రెండూ కాలేజీ గంట చూసుకుంటుంది. మూడోదాని గురించే వంటింట్లో చర్చ నడిచింది.

"పిల్లలు నవ్వితే తప్పేంటమ్మా?" అన్నారు అత్తగారు, బ్రెడ్డు ముక్కకు వెన్న రాస్తూ. ఆవిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నవ్వించిన చరిత్ర లేకపోయినా నవ్వుకు వ్యతిరేకి కాదు.

"తప్పని నేననట్లేదత్తయ్యా. పక్క గదిలో స్టాటిస్టిక్స్ సార్ కంప్లయింట్ ఇచ్చారు. గోడ ఇవతల నవ్వితే అవతల ఆయన పిల్లలకి లెక్క తప్పుతోందట. నవ్వులు వినబడే క్లాసులో చదువేం జరుగుతుందని మేనేజ్‌మెంట్ వాళ్లకి అనుమానం వచ్చింది. ఇవాళ ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చి కూర్చుంటారు. ఆయన రాసే రిపోర్టుని బట్టి నా క్లాసు ఉంటుందో ఊడుతుందో తేలుతుంది."

"ఊడితే ఆ పీరియడ్ ఎవరికిస్తారు?"

"స్టాటిస్టిక్స్ సార్‌కి."

"ఓహో, అదా సంగతి!" అత్తగారు కత్తి కింద పెట్టారు. "అయితే ఇవాళ ఏదైనా ఏడుపుగొట్టు రచన చదివించు. పీడా పోతుంది."

"నేను ఎంచుకోను కదత్తయ్యా. ట్రేలో పైన ఏదుంటే అదే."

"ఇదేం చోద్యమమ్మా, లాటరీలాగా!"

చోద్యం కాదు, మేడం పద్ధతే అది. విద్యార్థులు తమ రచనలను పేరు లేకుండా టైపు చేసి, స్టాఫ్ రూములో ఆమె బల్ల మీదున్న ట్రేలో వేస్తారు. బుధవారం పొద్దున్నే అటెండరు పైనున్నది తీసి అందరికీ సరిపడా జిరాక్సులు తీస్తాడు. మేడం కూడా దాన్ని మొదటిసారి క్లాసులోనే చదువుతుంది. తాను ముందే చదివి వస్తే పిల్లలు రచన చూడటం మానేసి తన ముఖం చూస్తారని ఆమెకు అనుభవం మీద తెలిసింది.

ఆ క్లాసుకు నియమాలు కూడా ఉన్నాయి. కంప్లయింట్ వచ్చిన రోజున ప్రిన్సిపాల్ గారే వాటిని కాగితం మీద పెట్టమన్నారు. రచన ఎవరిదో ఎవరూ అడగకూడదు. చర్చ నడిచినంతసేపూ రచయిత నోరు విప్పకూడదు, రాసింది తానేనని ముఖంలో కూడా తెలియనివ్వకూడదు. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఒక మంచి, ఒక మార్పు చెప్పాలి. చెప్పేటప్పుడు వాక్యం మీద వేలు పెట్టి చూపించాలి. ఊరికే "బాగుంది" అంటే లెక్కలోకి రాదు. అందరూ చెప్పేదాకా చర్చ ఆపకూడదు. ప్రిన్సిపాల్ గారు వీటిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఉల్లంఘించిన వారిపై తగు చర్య తీసుకోబడును" అని తన వంతుగా ఒక వాక్యం చేర్చి, సంతకం పెట్టి, ముద్ర వేయించి, క్లాసు గోడకు అంటింపజేశారు.

ఇక ముందు రోజు సాయంత్రం జరిగింది మేడంకు తెలియదు. గురువారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. అందులో 'తరగతి గదిలో విద్యార్థి ప్రవర్తన' అనే అంశం మీద ప్రిన్సిపాల్ గారు మాట్లాడాలి. ఆరు పేజీల ఉపన్యాసం ఆయనే టైపు చేసుకున్నారు. మేడం ఒకసారి భాష చూసిపెడితే బాగుండునని ఆయనకు ఉంది, నోరు తెరిచి అడగడానికి మొహమాటం. కాగితాలు పట్టుకుని స్టాఫ్ రూముకు వెళ్లేసరికి ఆమె ఇంటికి వెళ్లిపోయింది. బల్ల మీద ట్రే కనిపించింది. తన గదిలో ట్రేలో వేసినవన్నీ ఎవరో ఒకరు సరిచేసి తెచ్చిస్తారు. ఈ ట్రే కూడా అలాంటిదే అనుకుని పైన పెట్టి వచ్చేశారు. పేరు రాయలేదు. తన ఉపన్యాసం మీద తన పేరు రాసుకోవాల్సిన అవసరం ఏ ప్రిన్సిపాల్‌కూ రాదు.

క్లాసు మొదలైంది. ప్రిన్సిపాల్ గారు చివరి బెంచీలో, ఒక పొడుగబ్బాయి పక్కన కూర్చున్నారు. ఆ అబ్బాయి మోకాళ్లు ఎటు పెట్టుకోవాలో తెలియక నడవాలోకి చాపాడు. ముందు వరసలోంచి ఒకమ్మాయి లేచి, అలవాటు ప్రకారం గోడ మీది నియమాలు పైకి చదివింది. సందు దొరికితే వాదించే పిల్ల కాబట్టి క్లాసంతా ఆమెను లాయరమ్మ అని పిలుస్తుంది. చివరి వాక్యం చదివేటప్పుడు ఆమె ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి తల వంచింది. ఆయన కూడా వంచారు.

అటెండరు కాపీలు పంచాడు. ప్రిన్సిపాల్ గారు తన కాపీ చూసుకుని గుర్తుపట్టారు. భాష చూడమని పెడితే మేడం ఏకంగా పాఠంగా పెట్టేసిందన్నమాట. ఇంత గౌరవం ఆయన ఊహించలేదు. గొంతు సవరించుకుని, ఎవరైనా తన వైపు చూస్తే వినయంగా కనబడేలా కూర్చున్నారు.

లాయరమ్మ పైకి చదవడం మొదలుపెట్టింది.

"'అందరికీ నమస్కారం. నేను ఎక్కువసేపు మాట్లాడను. ఎందుకు ఎక్కువసేపు మాట్లాడనో ముందుగా వివరిస్తాను.'"

ఎవరో కిసుక్కుమన్నారు. మేడం పెదవి మీద వేలు పెట్టింది.

"'విద్యార్థి అనువాడు తరగతి గదిలో విద్యార్థి వలె ప్రవర్తించవలెను. విద్యార్థి వలె ప్రవర్తించుట అనగా విద్యార్థి కానివాని వలె ప్రవర్తించకుండుట.'"

మూడో వరస మొత్తం తల దించుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"'క్లుప్తత గురించి నేను ఎంతసేపైనా మాట్లాడగలను.'"

ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. పొడుగబ్బాయి బెంచీ మీద చెయ్యేసి కొట్టాడు. ఆ ఊపుకు బెంచీ అవతలి కొసన ఉన్న ప్రిన్సిపాల్ గారు కాస్త పైకి లేచి మళ్లీ కూర్చున్నారు.

మేడం నవ్వలేదు. ఈ వాక్యాలు ఆమె ప్రతి సభలోనూ విన్నవే. ఎవరో పిల్లవాడు ప్రిన్సిపాల్ గారిని అచ్చు దించేశాడు. వ్యంగ్యం బాగా కుదిరింది. కుదరడమే కొంప ముంచింది. ఆ పెద్దమనిషి చూస్తే అక్కడే, చివరి బెంచీలో, ముఖం ఎర్రగా చేసుకుని కూర్చున్నారు. తన క్లాసు సంగతి అటుంచి, ఇప్పుడు రాసినవాడి చదువు నిలబెట్టాలి.

"ఇక్కడితో ఆపుదాం," అంది మేడం. "మిగతాది వచ్చే వారం."

"అదెలా కుదురుతుంది మేడం?" లాయరమ్మ గోడ వైపు చెయ్యి చూపించింది. "అందరూ చెప్పేదాకా చర్చ ఆపకూడదు. ఉల్లంఘిస్తే తగు చర్య ఉంది."

"ఇది ఏ ఒక్క వ్యక్తి గురించీ కాదని అందరూ గుర్తుపెట్టుకోండి," అంది మేడం, కాస్త గట్టిగా.

అప్పటిదాకా ఆ దృష్టితో ఆలోచించనివాళ్లు కూడా అప్పుడు ఆలోచించారు. కొందరు ఒకసారి వెనక్కి తిరిగి చూసి చటుక్కున ముందుకు తిరిగారు.

చర్చ మొదలైంది. "పాత్ర చిత్రణ అదిరింది మేడం," అన్నాడు ఒకడు. "వేలు ఇక్కడ పెడుతున్నా. రెండో పేజీలో 'చివరగా' అన్నాడు. మూడో పేజీలో 'ఇక చివరగా'. నాలుగులో 'ముగించే ముందు'. మా పెదనాన్న అచ్చం ఇంతే. వెళ్లొస్తానని లేచి, చెప్పులేసుకుని, గుమ్మంలో ఇంకో పూట నిలబడతాడు."

"మరి మార్పు?"

"మార్పేం లేదు. పెదనాన్నని మార్చలేం."

ఈసారి నవ్వుకు గోడ అవతల నుంచి డస్టరుతో కొట్టిన చప్పుడు వినబడింది. వెంటనే స్టాటిస్టిక్స్ సార్ గుమ్మంలోకి వచ్చారు. ఈ రోజు కోసమే ఆయన ఎదురుచూస్తున్నారు.

"వింటున్నారా సర్?" అన్నారు ప్రిన్సిపాల్ గారితో. "నేను మొత్తుకున్నది ఇదే! మీ ఎదురుగానే ఇలా ఉంటే ఇక మీరు లేనప్పుడు..."

లాయరమ్మ ఒక కాపీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "గదిలోకి వచ్చారు కాబట్టి మీరూ చెప్పాలి సర్. ఒక మంచి, ఒక మార్పు."

విసుగ్గా కాగితం మీద కళ్లు ఆనించారు సార్. ఒక పేరా చదివారు. ముక్కు దగ్గర ఏదో కదిలింది. రెండో పేరాకు ఆయన గుమ్మం పట్టుకోవాల్సి వచ్చింది. "ఎవర్రా రాసింది? అచ్చు గుద్దినట్టు మన..." అంటూ తలెత్తి, చివరి బెంచీ చూసి, ఆ వాక్యాన్ని అక్కడే వదిలేశారు.

"సర్, మంచి?" అంది లాయరమ్మ.

"పేజీ నంబర్లు వేశారు," అన్నారు సార్.

"మార్పు?"

"నాకు క్లాసుంది," అని ఆయన వెళ్లిపోయారు. ఆ తర్వాత గోడ అవతల నుంచి ఏ చప్పుడూ రాలేదు.

ఒక్కొక్కరే చెబుతూ ఉంటే వంతు వెనక బెంచీల దాకా వచ్చింది. మిగిలింది ఇద్దరు. ఒకరు ప్రిన్సిపాల్ గారు. రెండోది కిటికీ పక్కన కూర్చునే కళ్లజోడు అమ్మాయి. ఆమె ఎప్పుడూ చివరనే చెబుతుంది.

"నేను పరిశీలకుణ్ణమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ అని ఉంది సర్. కింద మీ సంతకమే ఉంది."

ఆయన లేచారు. "రచయిత ఉద్దేశం మంచిది. ఎంతో శ్రమపడి..."

"ఉద్దేశాలు కుదరవు సర్. వాక్యం మీద వేలు పెట్టండి."

ఆయన కాగితాలు తిప్పారు. ఎక్కడ వేలు పెట్టినా తన సొమ్మే. నాలుగో పేజీలో ఒకచోట ఆగి మనసులో చదువుకున్నారు. ఇంకోసారి చదువుకున్నారు. రాసినప్పుడు అందులో ఏదో ఉందని ఆయనకు బాగా గుర్తు. ఇప్పుడు వెతికితే దొరకలేదు.

"ఈ పేరా తీసెయ్యొచ్చు," అన్నారు.

"ఎందుకు సర్?"

"ఇదే సంగతి రెండో పేజీలో ఉంది." నిజాయితీగా చేర్చారు. "మూడో పేజీలోనూ ఉంది."

క్లాసు మెచ్చుకోలుగా తలూపింది. పొడుగబ్బాయి ఆయన కోసం కాస్త జరిగి చోటిచ్చాడు. "భలే పట్టుకున్నారు సర్. నాకది తట్టనే లేదు."

"మంచి కూడా చెప్పాలి సర్," అంది లాయరమ్మ.

ఆయన మళ్లీ మొదటి పేజీకి తిప్పారు. ఈలోపు కిటికీ దగ్గర కళ్లజోడు అమ్మాయి చెయ్యెత్తింది.

"సర్ బదులు నేను చెప్పొచ్చా మేడం? అయిదో పేజీలో కింద ఒక చోటుంది. ఎవరూ చదవలేదు. 'నన్ను మొదటిసారి కాలేజీలో దింపిన రోజున మా నాన్న వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. చూస్తే నేను వెంటపడి వచ్చేస్తానని ఆయనకు తెలుసు.'" ఆమె కళ్లజోడు సర్దుకుంది. "అందరూ ఇది వ్యంగ్యం అంటున్నారు. నాకలా అనిపించట్లేదు. ఆరు పేజీల్లో మిగతాదంతా ఎవరికో వినిపించాలని రాశారు. ఈ రెండు వాక్యాలు మాత్రం తమ కోసం తామే రాసుకున్నారు. ఇది ఉంచి, మిగతాది తీసేస్తే సరిపోతుంది."

అందరూ అయిదో పేజీ తీశారు. పెదనాన్న ఉన్న అబ్బాయి కూడా నవ్వలేదు. ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. అక్కడ సైకిల్ స్టాండు తప్ప ఏమీ లేదు.

"చర్చ అయిపోయింది," అని ప్రకటించింది లాయరమ్మ. "ఇప్పుడు రచయిత కావాలంటే మాట్లాడొచ్చు. బలవంతమేం లేదు."

ఏ అమాయకుడో లేచి నిలబడితే ఇక అంతే సంగతులు. మేడం బల్ల మీద చెయ్యి వేసింది.

"ఇది నేను రాశాను," అంది.

క్లాసు నోరు తెరిచింది. మేడం ఎప్పుడూ తన రచన పెట్టలేదు. పైగా ప్రిన్సిపాల్ గారి ఎదుట, ఉద్యోగం చేస్తూ! పొడుగబ్బాయికి సంగతి అర్థమైపోయింది. ఎవరినో కాపాడటానికి ఆమె తన మెడ ఒడ్డుతోంది. అతను లేచాడు. లేస్తే చాలాదూరం లేస్తాడు.

"మేడం కాదు సర్. నేను."

"నువ్వా?" లాయరమ్మకు ఒళ్లు మండింది. "నువ్వు అర పేజీ దాటి రాసిందెప్పుడు?"

"ఈ ఒక్కసారి దాటాను! నీకేంటి మధ్యలో?"

"సరే. రచన ఎవరిదో అబద్ధం చెప్పకూడదని నియమాల్లో ఎక్కడా లేదు," అంది లాయరమ్మ. "కాబట్టి నేను రాశాను."

ఆ తర్వాత వరసలు వరసలుగా లేచారు. పెదనాన్న అబ్బాయి లేచాడు. మూడో వరస మొత్తం లేచింది. ఆరు పేజీలకు అంతమంది రచయితలైతే ఒక్కొక్కరి వంతుకు ఒక 'చివరగా' కూడా వచ్చేలా లేదు.

"కూర్చోండి!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "అందరూ కూర్చోండి. ఇది రాసింది నేను."

పొడుగబ్బాయి చప్పట్లు మొదలుపెట్టాడు. వెంటనే క్లాసంతా అందుకుంది.

"ఎంత పెద్ద మనసు సర్ మీది!" అంది లాయరమ్మ. వాదన లేకుండా ఆమె మాట్లాడటం క్లాసు అదే మొదటిసారి వినడం.

"పెద్ద మనసేంటమ్మా? నిజంగా నేనే రాశాను!"

"చాలు సర్," అన్నాడు పొడుగబ్బాయి, ముక్కు ఎగబీలుస్తూ. "మా కోసం ఇంతవరకూ ఎవరూ ఇలా నిలబడలేదు. ఇంకేం చెప్పకండి."

"అరె, రేపు తల్లిదండ్రుల సమావేశంలో చదవడానికి రాసుకున్నానయ్యా! ఆరు పేజీలూ చదువుదామనుకున్నాను!"

ఆ రోజు క్లాసు అన్నిటికంటే గట్టిగా నవ్వింది దానికే. ఆయన ఎంత మొత్తుకుంటే చప్పట్లు అంత పెరిగాయి. ఈలోగా గంట కొట్టింది. వెళ్తూ వెళ్తూ పిల్లలు ఆయనకు ఒక్కొక్కరే నమస్కారం పెట్టారు. పెదనాన్న అబ్బాయి చెయ్యి కలిపాడు.

వరండాలో మేడం ఆయన వెనకే నడిచింది.

"అంత మాట అనాల్సిన పని లేదు సర్. తప్పు ఎవరిదైనా బాధ్యత నాది. క్లాసు తీసేయాలనుకుంటే తీసేయండి. రాసింది ఎవరని మాత్రం ఆరా తీయకండి. చిన్నపిల్లలు."

ప్రిన్సిపాల్ గారు ఆగారు. "ఆ రోజు వెనకనుంచి లారీ వచ్చిందమ్మా," అన్నారు.

"ఏ రోజు సర్?"

"నాన్న దింపి వెళ్లిన రోజు. ఆయన రోడ్డు మధ్యలో నడుస్తున్నారు. లారీవాడు హారన్ మీద హారన్ కొట్టాడు. అయినా వెనక్కి తిరగలేదు. ఆ లారీ పాపం మలుపు దాకా ఆయన వెనకే నడిచింది." ఆయన చేతిలో కాగితాలు మడిచారు. "అది రాయలేదు. సభలో బాగుండదనుకున్నాను."

మేడం ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత వరండా బెంచీ మీద కూర్చుండిపోయింది.

"సర్... మీరు నిజంగానే..."

"ఇందాకటి నుంచీ నేను అంటున్నది అదే కదమ్మా."

"మరి నా ట్రేలోకి ఎలా వచ్చింది?"

"నువ్వు కాస్త సరిచేసి పెడతావని వేశాను."

మేడం చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందేమోనని ప్రిన్సిపాల్ గారు కంగారుపడ్డారు. భుజాలు చూస్తే ఏడుపు కాదని తెలిసింది. ఆయన కూడా కాస్త ఎడంగా బెంచీ మీద కూర్చున్నారు. మొదట ఊరుకుందామనుకున్నారు. తర్వాత ఆయన వల్ల కూడా కాలేదు. స్టాటిస్టిక్స్ సార్ తలుపు సందులోంచి తొంగిచూసి, ఇద్దరినీ చూసి, మెల్లగా తలుపు వేసేసుకున్నారు.

"ఆ అమ్మాయి చెప్పింది నిజమేనా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు, కళ్లు తుడుచుకుంటూ. "ఆ రెండు వాక్యాలే చాలంటావా?"

"చాలు సర్. లారీ కూడా కలపండి."

"మరి క్లుప్తత గురించిన పేరా? దానికి చాలా కష్టపడ్డానమ్మా."

చర్చ సమయంలో పిల్లల ముఖం చూడకుండా ఉండటానికి మేడం కిటికీ వైపు చూస్తుంది. ఇప్పుడు వరండా బయటికి అలాగే చూసింది.

"సరే, తీసేస్తాను," అన్నారు ఆయన.

గురువారం తల్లిదండ్రుల సమావేశంలో ప్రిన్సిపాల్ గారు లేచి, నాన్న గురించి, లారీ గురించి చెప్పి, పిల్లల్ని మా దగ్గర వదిలి వెళ్లడం ఎంత కష్టమో మాకు తెలుసని చెప్పి, కూర్చున్నారు. ఇది ఉపన్యాసానికి ముందుమాట అనుకుని సభ కాసేపు ఎదురుచూసింది. క్యాంటీన్‌లో ఆయన ఉపన్యాసాల నిడివి తెలిసి టీ నీళ్లు ఇంకా పొయ్యి మీదకు ఎక్కించలేదు. ఆ రోజు మాత్రం ఎవరూ టీ కోసం లేవలేదు. ఒక తండ్రి స్టేజీ దగ్గరికి వచ్చి ప్రిన్సిపాల్ గారి భుజం తట్టి వెళ్లిపోయాడు.

రిపోర్టు కూడా ఆయన ఆ సాయంత్రమే రాసి మేనేజ్‌మెంటుకు పంపించారు. అందులో ఉన్నది ఒకటే వాక్యం: 'రచనా తరగతి కొనసాగాలి.' వచ్చే సెమిస్టరు టైం టేబుల్లో బుధవారం ఆ గంట మేడం పేరు మీదే వచ్చింది.

మిగతా పేజీలు పోస్టులో ఎక్కడ ఆగిపోయాయోనని మేనేజ్‌మెంట్ సెక్రటరీ గారు ఇంకా వాకబు చేస్తున్నారు.